తిట్లు తిన్నవాడికి బీరు

పోయిన నెల రేడియో నుంచి ఒకాయన మా ఇంటికి వచ్చాడు. మెడలో సిల్కు మఫ్లరు, చేతిలో మాటలు రికార్డు చేసే పెట్టె. యుద్ధానికి ముందు బెర్లిన్‌లో క్యాబరేలు ఎలా ఉండేవో, వాటికి పాటలు రాసినవాళ్ళు ఎలా బతికారో శ్రోతలకు వినిపించాలట. ‘‘ఆ బంగారు రోజుల గురించి నాలుగు మాటలు చెప్పండి, ఓటీలీ గారూ’’ అన్నాడు. బంగారు రోజులట. చలికి వేళ్ళు కొంకర్లు పోతుంటే చేతి తొడుగులు కత్తిరించుకుని పియానో వాయించినదాన్ని నేను. ఆ బంగారం నాకెక్కడా కనబడలేదు. పోనీలే అని ఊరుకుంటే, జేబులోంచి కాగితం తీసి చదివాడు: ‘నియంతల ముఖం మీదే నవ్విన ధీరుడు ఎగోన్ పిన్నెర్’. ఇక నాకు ఒళ్ళు మండింది. ధీరుడా? ట్రాములో ఎవడైనా తన కాలు తొక్కితే తనే క్షమించమని అడిగే మనిషి ఎగోన్. ఆయనకు కాఫీ ఇచ్చి, పాత వరసలు రెండు వాయించి పంపేశాను. చెప్పాల్సింది మాత్రం చెప్పలేదు. ఆ సిల్కు మఫ్లరుకు చెప్పబుద్ధి కాలేదు.

యుద్ధం మధ్యలో ఎగోన్‌ను యూదుడని నాజీలు గ్రూనెవాల్ట్ స్టేషన్‌లో తూర్పుకు పోయే రైలెక్కించారు. అటు వెళ్ళినవాళ్ళెవరూ రాలేదు, అతనూ రాలేదు. ఇది అందరికీ తెలిసిన సంగతే, దీన్ని రాతిపలక మీద కూడా చెక్కిస్తారట. చెక్కించుకోనివ్వండి. నేను చెప్పేది అంతకు చాలా ఏళ్ళ ముందు, అతనూ అతని తమ్ముడూ ఇద్దరూ బెర్లిన్‌లోనే ఉన్నప్పటి మాట.

ఎగోన్ పేరున్న రచయిత కాదు. పేరున్నవాళ్ళ ఫోటోలు పత్రికల్లో వచ్చేవి, వాళ్ళు వెళ్తుంటే వెయిటర్లు వంగి దండాలు పెట్టేవాళ్ళు. ఎగోన్‌ను వెయిటర్లు కుర్చీ ఖాళీ చెయ్యమనేవాళ్ళు. పోజెన్ పట్నంలో గుండీలు అమ్ముకునే యూదుడి పెద్దకొడుకు. పొట్టి మనిషి, ఒక భుజం కాస్త కిందికి వాలి ఉండేది, ఎండాకాలంలో కూడా ఇంట్లో కోటు విప్పేవాడు కాదు. బూటు పాలిషు ప్రకటనలకు పద్యాలు రాసేవాడు. ఎవరిదో నాటకంలో మూడో అంకం కుంటుతోందంటే వెళ్ళి దానికి కాళ్ళు అతికించి వచ్చేవాడు. సాయంత్రాలు మాత్రం మావి.

మాది ‘తడిగొడుగు’. క్యాబరే అంటే ఇప్పటివాళ్ళకు కాళ్ళెత్తి ఆడే అమ్మాయిలే గుర్తొస్తారు. మాది ఆ బాపతు కాదు. నోల్లెన్‌డోర్ఫ్ చౌరస్తా దగ్గర కుర్చీలూ బల్లలూ అమ్మే దుకాణం వెనక ఒక హాలు, మంచమంత వేదిక, రెండు మెట్లు పలకని నా పియానో. యజమాని థియో క్లాప్‌రోట్‌కు బాన పొట్ట, దాన్ని మించిన నోరు. అతనే వేదిక మీద నిలబడి వచ్చినవాళ్ళను పలకరిస్తూ, గిల్లుతూ, మధ్యమధ్య ఎగోన్ రాసిన పాటలు పాడేవాడు. మంత్రులనూ జడ్జీలనూ బ్యాంకులవాళ్ళనూ దులిపేసేవాడు. ఆ నోరు థియోది, అందులోని మాటలు ఎగోన్‌వి.

ఎగోన్ పాటల్లో చివరి చరణం ఏ రోజుకారోజు కొత్తది. మధ్యాహ్నమంతా మూలనున్న కాఫీ హోటల్లో సాయంకాలం పత్రిక కోసం కాచుకుని కూర్చునేవాడు. పత్రిక రాగానే అందులో ఏ మంత్రి ఏ పిచ్చిమాట అన్నాడో చూసి, ఆ పేజీ అంచు మీదే పెన్సిలుతో నాలుగు పంక్తులు గీకి, ఆ ముక్క చింపుకుని పరుగున వచ్చి నా పియానో మీద పెట్టేవాడు. అప్పటికి థియో రెండో చరణంలో ఉండేవాడు. నేను వాయిస్తూనే చదివి, మొదటి మాట థియోకు అందించాలి. ఇలా నన్ను చంపుకు తినేవాడు. తిడితే, ‘‘వేడి తగ్గితే రొట్టె బాగుండదు ఓటీ’’ అనేవాడు.

తడిగొడుగులో ఒక ఆచారం ఉండేది. దాన్ని థియోనే మొదలెట్టాడు, తర్వాత వీధిలో మిగతావాళ్ళూ పట్టుకున్నారు. ఏ రోజు ఎవరిని పేరుపెట్టి ఏకిపారేశామో, ఆ మనిషి హాల్లో ఉంటే పాట అవగానే వేదిక మీదికి పిలిచేవాళ్ళం. మా ఖర్చు మీద ఒక పెద్ద గ్లాసు బీరు ఇచ్చేవాళ్ళం. అతను అందరి ముందూ అది తాగి, పాట రాసినవాడితో చేయి కలపాలి. అంతే, లెక్క చెల్లు. తిట్లు తిన్నవాడు నవ్వుతూ దిగిపోయేవాడు, హాలంతా చప్పట్లు. మామీద కేసు వేస్తానని వచ్చిన జడ్జి ఒకాయన ఆ బీరు తాగాక కేసు మాటే ఎత్తలేదు. ఆ బీరు తాగినవాడు ఇక మన శత్రువు కాదని మేమంతా నమ్మాం. పెళ్ళి ప్రమాణాన్ని కూడా అంతగా నమ్మినవాళ్ళు మా వీధిలో లేరు.

పంతొమ్మిది వందల ముప్పై ఒకటి శీతాకాలంలో పోలెంట్స్ వచ్చాడు. మా వెనక వీధిలో టోపీల కొట్టు అతనిది. చక్కగా దువ్విన జుట్టు, మెత్తటి మాట, ఆడవాళ్ళకు కుర్చీ జరిపే మర్యాద. కైజర్ చక్రవర్తి రోజుల్లో కొట్టు అద్దాల్లో కైజర్ బొమ్మ, ఆయన పోగానే రిపబ్లిక్ జెండా, ఇప్పుడు తలుపు పక్కన చిన్న నాజీ స్వస్తిక. ఎగోన్‌కు ఇంతకంటే ఏం కావాలి? ఆ వారమే రాశాడు:

రాజుగారి టోపీ నిన్న, రిపబ్లిక్కు టోపీ నేడు,
రేపటి టోపీ కుడుతున్నాడు, తల మటుకు లేదు చూడు.

పోలెంట్స్ ముందు వరసలోనే కూర్చున్నాడు. కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాడు. పిలవగానే వేదికెక్కి, బీరు గటగటా తాగి, ఎగోన్ చేతిని రెండు చేతులతో పట్టుకుని ఊపాడు. ‘‘ఎంత బాగా పట్టుకున్నారండీ నన్ను’’ అన్నాడు. ఆ తర్వాత వారం వారం వచ్చేవాడు. స్నేహితులను తెచ్చేవాడు. ఒక్కోసారి పాట అయ్యాక నా దగ్గరికి వచ్చి, ఆ మూడో పంక్తి ముందు మీరు కాస్త ఆగారు కదా, ఎందుకాగారు అని అడిగేవాడు. నవ్వు రావాలంటే ముందు జనం ఊపిరి బిగబట్టాలి కదా అని చెప్పేదాన్ని. తల ఊపేవాడు. కొన్నాళ్ళకు నాజీ దళంవాళ్ళ గోధుమరంగు చొక్కా తొడుక్కుని వచ్చాడు. థియో ఒక్క క్షణం తడబడ్డాడు కానీ వెంటనే ఆ చొక్కాను కూడా ఏకేశాడు. పోలెంట్స్ మళ్ళీ నవ్వాడు, మళ్ళీ బీరు తాగాడు, మళ్ళీ చేయి కలిపాడు. ఎగోన్ మొహం వెలిగిపోయింది. తన మీద జోకుకు నవ్వగలిగినవాడు మనిషిని చంపలేడని నాతో అన్నాడు. నేనూ నిజమే కదా అనుకున్నాను.

అనుకోనివాడు ఒక్కడే, ఎగోన్ తమ్ముడు లోథర్. అన్నకంటే బాగా చిన్నవాడు, తల్లి పోయాక అన్న దగ్గరికే బెర్లిన్ వచ్చి ప్రెస్సులో అక్షరాలు కూర్చే పని నేర్చుకున్నాడు. వేళ్ళు చాలా చురుకు. సోషలిస్టుల కరపత్రాలు రాత్రుళ్ళు కూర్చి పెట్టేవాడు. ఆదివారాలు ఇద్దరూ మా ఇంటికి బంగాళాదుంపల సూపుకు వచ్చేవాళ్ళు. వచ్చినప్పుడల్లా ఇదే గొడవ. లోథర్ పోలెంట్స్ పేరెత్తేవాడు, ఎగోన్ చెంచా కింద పెట్టేవాడు.

‘‘వాడు బీరు కోసం రావట్లేదన్నయ్యా, పాఠం కోసం వస్తున్నాడు’’ అన్నాడు ఒకసారి లోథర్. ‘‘జనాన్ని ఎలా నవ్వించాలో నీ దగ్గర కూర్చుని నేర్చుకుంటున్నాడు.’’

‘‘నేర్చుకోనీ. నవ్వు నేర్చుకున్నవాడు బాగుపడతాడు’’ అన్నాడు ఎగోన్.

‘‘వాడు బాగుపడతాడు, సరే. మన సంగతో?’’

ఎగోన్ దానికి ఏదో ఎకసెక్కం ఆడాడు. నేను నవ్వాను, లోథర్ కూడా నవ్వాడు. ఎగోన్ ఎదురుగా కూర్చుంటే కోపం నిలవదు, అదే అతనితో వచ్చిన చిక్కు.

ముప్పై మూడులో ఆ చొక్కాలవాళ్ళే ప్రభుత్వమయ్యారు. ఫిబ్రవరి చివర్లో పార్లమెంటు తగలబడింది. ఆ వారంలోనే థియో ఎవరికీ చెప్పకుండా వియన్నా బండెక్కేశాడు. తడిగొడుగుకు తాళం పడింది. మార్చిలో ఒకరోజు మిట్టమధ్యాహ్నం ప్రెస్సులోకి నలుగురు వచ్చి లోథర్‌ను లాక్కుపోయారు. అతను కూర్చిన కరపత్రాలు ఎవడో పట్టించాడు. తీసుకెళ్ళింది పోలీసు స్టేషనుకు కాదు. పోలెంట్స్ కొట్టు ఉన్న వీధి చివర ఒక బీరు హోటలు ఉండేది, ఆ చొక్కాలవాళ్ళ అడ్డా. దాని నేలమాళిగలో పెట్టారు. ఆ నేలమాళిగ సంగతి మా పేటలో అందరికీ తెలుసు. ఆ కిటికీల దగ్గర నడిచేటప్పుడు జనం గట్టిగా మాట్లాడుకునేవాళ్ళు, లోపలి కేకలు వినబడకుండా. అక్కణ్ణుంచి కొందరు స్ట్రెచర్ మీద వచ్చారు, కొందరు రానే లేదు. రొట్టెల దుకాణం ఆమె మేనల్లుణ్ణి గోనెసంచిలో కాలవలో పడేశారు.

ఎగోన్ ఆ కబురు విని కాసేపు కోటు గుండీలు పెడుతూ తీస్తూ కూర్చున్నాడు. తర్వాత లేచి, ‘‘పోలెంట్స్ మన బీరు తాగాడు’’ అన్నాడు. అంత నమ్మకంగా అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. కానీ వేరే దారి నాకూ తోచలేదు. ఆ వీధిలో లోథర్‌ను విడిపించగల మనిషి పోలెంట్స్ ఒక్కడే. ఒంటరిగా పంపలేక నేనూ వెంట వెళ్ళాను.

పోలెంట్స్ మమ్మల్ని చూసి కౌంటరు వెనక నుంచి లేచి వచ్చాడు. నాకు కుర్చీ జరిపాడు. అదే నవ్వు, అదే మెత్తదనం. ఎగోన్ చెప్పడం మొదలుపెట్టాడు, మాట తడబడింది, మా తమ్ముడు అమాయకుడు, పొట్టకూటికి పని చేశాడు అంటూ ఏదేదో అన్నాడు. చివరికి బీరు సంగతి ఎత్తాడు. ఇన్నాళ్ళు చేయి కలిపాం కదా అన్నాడు.

‘‘మర్చిపోతానా, పిన్నెర్ గారూ’’ అన్నాడు పోలెంట్స్. ‘‘ఇన్నాళ్ళూ మీరు నన్ను తిట్టి బీరు పోశారు. ఇప్పుడు మా వంతు రానివ్వండి. ఆదివారం మధ్యాహ్నం మా కుర్రాళ్ళకు విందు ఉంది. మీరు ఒక పాట రాసుకుని రండి. మీరే పాడండి. పాడాక బీరు తాగుదాం, చేయి కలుపుదాం. లెక్క చెల్లు, తమ్ముడు ఇంటికి వస్తాడు.’’

దేనిమీద రాయాలని ఎగోన్ అడిగాడు.

‘‘మీవాళ్ళ మీద, మీ యూదుల మీద’’ అన్నాడు పోలెంట్స్, ఒక టోపీ మీద దుమ్ము దులుపుతూ. ‘‘మావాళ్ళు రాస్తే మోటుగా ఉంటుంది. అందులో నవ్వే ఉండదు. లోపలి సంగతులు తెలిసినవాడు రాయాలి.’’

ఆ తర్వాత రెండు రోజులు ఎగోన్ మా ఇంట్లోనే కూర్చుని రాశాడు. అతనికి ఒక ఉపాయం తోచింది. కావాలని చెడ్డగా రాస్తాడట. ప్రాసలు కుంటేలా, జోకులు పేలకుండా. వాళ్ళకేం తెలుస్తుంది, తాగి ఉంటారు కదా అన్నాడు. అలాగే రాశాడు. నిజంగానే చచ్చు పాట. నాకు ఎంత సంబరమేసిందో. శుక్రవారం దాన్ని టోపీల కొట్టులో ఇచ్చి వచ్చాడు, ముందుగా చూపించమన్నారు మరి. సాయంత్రానికల్లా అది తిరిగి వచ్చింది. అడ్డంగా ఒకే గీత కొట్టి ఉంది. తెచ్చినవాడు పోలెంట్స్ మాట అప్పగించాడు: ఇది పిన్నెర్ గారి రాత కాదు, నాకు ఆయన రాత తెలుసు, రేపటికి అసలుది కావాలి. వెళ్తూ వెళ్తూ, మీ తమ్ముడి కుడిచేయి కొంచెం బాగాలేదని కూడా చెప్పాడు.

ఎగోన్ ఇక లేవలేదు. రాత్రంతా రాస్తూనే ఉన్నాడు. తెల్లారి నా ముందు పెడితే చదివాను. అతని తండ్రి పాట అది. పోజెన్‌లో గుండీలమ్మే ముసలాయన. నేను ఆయన్ని ఎరగను కానీ, అన్నదమ్ములిద్దరూ సూపు తాగుతూ ఆయనలా కనుబొమలాడిస్తే కడుపుబ్బ నవ్వేదాన్ని. యూదులు పని ముట్టని శనివారం బేరం చేస్తే పాపం కనుక నోరు మూసుకుని కనుబొమలతో బేరమాడే మనిషి. మూడో చరణంలో ఆయన ప్రార్థనకు వెళ్ళి, దేవుడికే గుండీలు అంటగట్టబోతాడు:

ఆకాశానికి గుండీల్లేవు, చలెయ్యదటయ్యా సామీ?
డజను తీస్కో, అరువు మాత్రం అడక్కు, నీకేం హామీ?

ఒక్క మాట పొల్లు లేదు. నేను అతని పాటలు ఎన్ని వాయించానో చెప్పలేను, అంత మంచి పాట ఇంకోటి రాయలేదు. చదివి నవ్వాను. నవ్వాక కాగితం బోర్లా పెట్టేశాను. మా ఇంట్లో సూపు తాగుతూ చెప్పుకుంటే అది ప్రేమ. ఆ హోటల్లో పాడితే అదే మాటలు రాళ్ళు. ‘‘ఇది వద్దు ఎగోన్’’ అన్నాను. మరేం ఇవ్వమంటావని అడిగాడు.

ఆదివారం వెళ్ళాం. వరస నాకు తప్ప ఎవరికీ రాదు కనుక పియానో నేనే వాయించాను. ఎలా వాయించావమ్మా అని ఇప్పుడు అడిగేవాళ్ళున్నారు. వేళ్ళతో వాయించాను. కింద నేలమాళిగలో పిల్లవాడి ప్రాణం ఉంది, మళ్ళీ అయినా వాయిస్తాను. అడిగేవాళ్ళకు ఆ నేలమాళిగ తెలియదు.

హాలు నిండా గోధుమరంగు చొక్కాలు. పంది మాంసం, పుల్లటి క్యాబేజీ వాసన. పోలెంట్స్ లేచి అచ్చం థియోలాగా పలకరింపులు మొదలుపెట్టాడు. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగాడు, ఎవరిని గిల్లాలో వాళ్ళను గిల్లాడు. మా దగ్గర కూర్చుని నేర్చుకున్నదంతా అప్పజెప్పాడు. తర్వాత ఎగోన్‌ను పిలిచాడు. ఎగోన్‌కు గొంతు లేదు, ఎప్పుడూ పాడలేదు. బిక్కుబిక్కుమంటూ మొదలుపెట్టాడు. మొదటి చరణానికి నవ్వులు మొదలయ్యాయి. రెండో చరణానికి బల్లలు చరిచారు. కనుబొమల పంక్తి దగ్గర ఎగోన్ తనకు తెలియకుండానే తండ్రిలా కనుబొమలాడించాడు, హాలు గొల్లుమంది. అప్పుడు అతని గొంతు సాఫీ అయింది. నేను పక్కనే ఉన్నాను, నాకు తెలిసింది. హాలు నవ్వుతుంటే అతని ఒళ్ళు దానికి బదులిచ్చింది. మూడో చరణాన్ని మళ్ళీ పాడమన్నారు, మళ్ళీ పాడాడు.

బీరు తెచ్చారు. ఎగోన్ మొత్తం తాగాడు. పోలెంట్స్ రెండు చేతులతో అతని చేయి పట్టుకుని ఊపాడు.

ఆ పాపిష్ఠివాడు మాట నిలబెట్టుకున్నాడు, కాకపోతే ఆ రోజు కాదు. ఇంకొన్నాళ్ళు ఉంచుకుని ఒక ఉదయం వదిలారు. హోటలు వెనక తలుపు దగ్గర మేమిద్దరం నిలబడ్డాం. లోథర్ గోడ పట్టుకుని వచ్చాడు. ముందు పళ్ళు లేవు. కుడిచేతి వేళ్ళు వంకర్లు తిరిగి ఉన్నాయి. ఇక అక్షరాలు కూర్చే పని అయిపోయినట్టే. ఎగోన్ కోటు విప్పి తమ్ముడికి కప్పాడు. ఆ కోటు విప్పడం నేను అప్పుడే మొదటిసారి చూశాను.

ఎగోన్ గదిలోనే పడుకోబెట్టాం. చెంచాతో సూపు పోసేవాడు, రాత్రి లేచి దుప్పటి సర్దేవాడు, పక్క గదిలోవాళ్ళకు వినబడకుండా కట్లు మార్చేవాడు. లోథర్ మాట్లాడేవాడు కాదు. ఈలోగా ఆ పాట వీధిన పడింది. రాసినవాడి పేరు లేదు, ఎవరూ అడగలేదు కూడా. పాలబండివాడు ఈల వేసుకుంటూ పోయేవాడు. బడి నుంచి వచ్చే పిల్లలు కనుబొమలాడిస్తూ మా పేటలో ముసలి యూదులు కనబడితే చాలు వెంటపడేవాళ్ళు. ఎగోన్ కిటికీ మూసేవాడు. తమ్ముడికి తెలియదనుకున్నాడు. నేనూ తెలియదనే అనుకున్నాను. లోథర్ మామూలు మనిషవుతాడు, ప్రాగ్‌లో మేనమామ దగ్గర చేరతాడు, ఈ పాట ఎవరిదో ఎప్పటికీ తెలియదు. మాకు మిగిలిన ఆశ అదొక్కటే.

మే నెలలో ప్రయాణానికి కాగితాలు దొరికాయి. ఆన్‌హాల్టర్ స్టేషన్‌కు ముగ్గురం వెళ్ళాం. ప్లాట్‌ఫాం మీద మధ్యాహ్నపు ఎండ. ఎగోన్ దారి పొడుగునా చెబుతూనే ఉన్నాడు, వెనకాలే తనూ వచ్చేస్తానని, ప్రాగ్‌లో కూడా క్యాబరేలు ఉన్నాయని, అక్కడి చలికి ఉన్ని బనీను వేసుకోమని. లోథర్ విన్నాడు. పెట్టె పైకి పెట్టి మళ్ళీ కిందికి దిగాడు.

‘‘ఆ పాట నువ్వే రాశావు కదన్నయ్యా’’ అన్నాడు.

ఎగోన్ మొహంలో నెత్తురు చుక్క లేదు. నిన్ను తెచ్చుకోవడానికి, అని ఏదో గొణిగాడు.

‘‘తెలుసు. దానికి నిన్నేం అనను. నేనైనా అదే చేసేవాణ్ణి’’ అన్నాడు లోథర్. పళ్ళు లేక మాటల్లోంచి గాలి పోతోంది. నెమ్మదిగా, ఒక్కో మాటా పలికాడు. ‘‘వాళ్ళు కొట్టేటప్పుడు అది పాడేవాళ్ళు. మొదటిసారి వినగానే అది నాన్నేనని తెలిసింది. నాన్న మాట, నాన్న కనుబొమలు. ఆ గదిలోకి నాన్న వచ్చి నిలబడ్డట్టే అయింది. నాకు నవ్వొచ్చింది. కిందపడి ఉండి, వాళ్ళు నవ్వుతుంటే వాళ్ళతో పాటు నేనూ నవ్వాను. పక్కన ఒక పెద్దాయన కట్టేసి ఉన్నాడు, మనవాడే. ఆయన నన్ను చూశాడు. ఆయన మర్నాడు పోయాడు. దెబ్బలు మర్చిపోతానేమో గానీ, ఆయన చూపు మర్చిపోలేను.’’

ఇంజను కూత వేసింది. గార్డు తలుపులు వేసుకుంటూ వస్తున్నాడు. ఇప్పుడైనా తమ్ముణ్ణి కావలించుకుని ఏడుస్తాడని, క్షమించమంటాడని నేను ఎదురుచూశాను. నన్నడిగితే అందుకోసమే ఆ బండి ఇంకా కదలకుండా ఉందంటాను.

‘‘ఏ చరణం దగ్గర నవ్వావు?’’ అన్నాడు ఎగోన్.

లోథర్ పెట్టె మెట్టు మీద కాలు పెట్టి అన్న వైపు తిరిగాడు. కోపం కూడా రాలేదు అతనికి.

‘‘మూడోది’’ అని చెప్పి బండెక్కాడు. కిటికీ దగ్గరికి రాలేదు.

బండి వెళ్ళిపోయేదాకా ఎగోన్ ప్లాట్‌ఫాం మీద తల ఊపుతూ నిలబడ్డాడు, తనకూ ఆ చరణమే బాగుందనిపించినట్టు.